పారిపోయినకొలదీ పెరుగు భయము

1871వ సంవత్సరమున, ఒకరి సంగతి ఒకరెరుగని ఇద్దరు వైద్యులు, అట్లాంటిక్ మహాసముద్రమునకు చెరియొక దరిని ఉండి, నేడు మనము ఒకే వ్యాధికి రెండు ముఖములని చెప్పదగిన రెండు స్థితులను వర్ణించిరి. ఫిలడెల్ఫియా నగరమునందలి జేకబ్ డకోస్టా, అమెరికా అంతర్యుద్ధములో పాల్గొన్న 300 మంది సైనికులను పరీక్షించి, వారి గుండెలు ఉన్నట్టుండి దడదడ కొట్టుకొనుచున్నవనియు, రొమ్మున నొప్పి, ఆయాసము, తలతిరుగుడు వారిని బాధించుచున్నవనియు, అయినను పెక్కుమంది హృదయములందు వెదకినను నిర్మాణదోషము కానరాలేదనియు వ్రాసెను. బెర్లిను నగరమునందలి కార్ల్ వెస్ట్‌ఫాల్, విశాలమైన కూడలులను, నిర్జనమైన వీధులను ఒంటరిగా దాటవలసివచ్చినప్పుడు నిలువెల్ల వణకిపోవు ముగ్గురు పురుషులను వర్ణించి, వారి బాధకు అగోరాఫోబియా అని నామకరణము చేసెను. ప్రక్కన మరియొకడు నడచుచున్నను, ముందొక బండి పోవుచున్నను, కడకు చేతిలో ఒక కర్ర ఉన్నను వారి భయము తగ్గుచుండెనని ఆయన గమనించెను. ఆ కర్ర సంగతి పాఠకులు గుర్తుంచుకొందురుగాక. దానితో మనకు పని యున్నది.

గుండెను చూచిన వైద్యునికి వీధి కనబడలేదు. వీధిని చూచిన వైద్యునికి గుండె ప్రధానముగ తోపలేదు. ఈ రెండింటిని ముడివేయుటకు దాదాపు తొంబది సంవత్సరములు పట్టినది. 1950వ దశకపు చివర న్యూయార్కు నగరమందలి హిల్‌సైడ్ ఆసుపత్రిలో పనిచేయుచున్న డోనాల్డ్ క్లైన్ అను వైద్యుడు, ఏ మందునకును లొంగని కొందరు రోగులకు, అప్పుడే క్రొత్తగా వచ్చిన ఇమిప్రమిన్ ఇచ్చి చూచెను. కొన్ని వారములు గడచిన పిదప గుణమేమైన ఉన్నదా యని యడుగగా రోగులు లేదనిరి. ఉన్నదని చెప్పినవారు వార్డులో పనిచేయువారు: దినమునకు మూడు నాలుగు పర్యాయములు 'చచ్చిపోవుచున్నా'నని నర్సుల గదికి పరుగెత్తి వచ్చు మనుష్యుడు, ఇటీవల అట్లు వచ్చుట మానివేసినాడట! అంతటి మార్పు రోగి కంటికే ఆనకపోవుటకు కారణమేమనగా, ఆ ఉప్పెన వంటి భయము రావడము మానినను, 'మరల వచ్చునేమో' యను భయము ఎప్పటివలెనే యుండెను. అతడు ఒంటరిగా గడప దాటుటకు ఇప్పటికిని సిద్ధముగా లేడు. దాడి నిలిచినది గాని దాడిని గూర్చిన భయము నిలువలేదు. ఇవి రెండును వేరువేరు విషయములనియు, ఒకదానికి పనిచేసిన మందు రెండవదానికి చాలదనియు క్లైన్ 1964లో ప్రకటించెను. 1980లో అమెరికా మనోవైద్య సంఘము తన నిర్ణయగ్రంథపు మూడవ కూర్పును వెలువరించినప్పుడు, ఈ భయపు దాడుల వ్యాధి ప్యానిక్ రుగ్మత యను ప్రత్యేకమైన పేరుతో అందు చోటుచేసికొన్నది.

భయము స్వతః వ్యాధి కాదు. హార్వర్డు ఆచార్యుడైన వాల్టర్ కేనన్ 1915లో ప్రకటించిన గ్రంథమున నిరూపించినట్లు, ప్రమాదము ఎదురైనప్పుడు మూత్రపిండముల మీద టోపీలవలె నుండు అధివృక్క గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తములోనికి చిమ్మును, గుండె వేగముగ కొట్టుకొనును, జీర్ణక్రియ మందగించును, చర్మమున ప్రవహించు రక్తము కండరములకు మళ్ళును, ప్రాణి కలియబడుటకో పరుగిడుటకో సర్వసన్నద్ధమగును. మనవారు ముచ్చెమటలు పోసినవనియు, కాళ్ళు చేతులు చల్లబడినవనియు, నోరు పిడచకట్టినదనియు చెప్పుకొనునవన్నియు ఈ సన్నాహపు గుర్తులే. పరుగెత్తవలసిన శరీరము కుర్చీలో కూర్చుండి ఎగఊపిరి తీసినచో రక్తమున కార్బన్ డయాక్సైడు తగ్గి, మెదడు రక్తనాళములు కొంచెము ముడుచుకొని, తల తేలిపోవుచున్నట్లును, పెదవులు, వ్రేళ్ళ చివరలు తిమ్మిరెక్కినట్లును తోచును. ఈ తిమ్మిరి పక్షవాతమునకు నాంది యని భ్రమించి ఆసుపత్రికి పరుగెత్తువారు కొల్లలు.

ఈ యలారము మ్రోగునది ఎచ్చట? మెదడులో చెవులకు ఎదురుగా లోపల నుండు, బాదముగింజ యాకారము గల అమిగ్డాలాలో నని చాలకాలముగ చెప్పుచున్నారు. చాలమట్టుకు అది నిజమే. అయితే శాస్త్రవాఙ్మయమున ఎస్.ఎం. అను పొడి అక్షరములతో మాత్రమే ప్రసిద్ధురాలైన ఒక అమెరికా స్త్రీకి, ఒక అరుదైన వ్యాధి వలన రెండు వైపుల అమిగ్డాలాలును నశించినవి. పరిశోధకులు ఆమెను పాములను అమ్ము దుకాణమునకు గొనిపోగా, ఆమె భయపడుటకు మారుగ వానిని చేతబట్టుకొని ముచ్చటపడెను. ఇట్టి మనిషికి భయమే లేదనుకొన్నారు. 2013లో ప్రకటితమైన ప్రయోగమున ఆమెచేత 35 శాతము కార్బన్ డయాక్సైడు కలిపిన గాలిని ఒక్క గుక్క పీల్పింపగా, ఆమె మాస్కుకేసి చేయి విసరి, సహాయము కొరకు కేకవేసెను. అట్టివారే మరి ఇద్దరును అట్లే తల్లడిల్లిరి. పాము కనబడినప్పటి భయమునకు ఒక త్రోవయు, ఊపిరాడనప్పటి భయమునకు ఇంకొక త్రోవయు కలవని దీనివలన తేలుచున్నది. ప్యానిక్ రోగిని బెదరించునది బయటి పాము కాదు, తన లోపలి ఊపిరి, తన లోపలి గుండె. పాము ఎదురైనచో ప్రక్కకు తొలగవచ్చును. గుండెను వదలి ఎవడు ఎచ్చటికి పోగలడు?

ఆక్స్‌ఫర్డు మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో ఈ చక్రమును స్పష్టముగ గీచి చూపెను. గుండె ఒకింత వేగముగ కొట్టుకొనును. కారణము మెట్లెక్కుటయో, కాఫీయో, నిద్రలేమియో కావచ్చును. 'ఇది గుండెపోటు' అని మనస్సు అర్థము చెప్పుకొనును. ఆ యర్థమే భయమును, భయము అడ్రినలిన్‌ను, అడ్రినలిన్ మరింత దడను పుట్టించును. ఆ దడ మొదటి యర్థమునకు సాక్ష్యము పలుకును. పది నిమిషముల లోపల ఈ చక్రము శిఖరమునకు చేరి, తరువాత తనంతట తాను దిగిపోవును. దిగిపోవుననుట రోగికి తెలియదు. ఏలయన అది దిగిపోకముందే ఆయన ఆ చోటు విడిచి పారిపోయి యుండును.

అనేకుల అనుభవములను ఏర్చి కూర్చి, ఒక రోగిని కల్పించి చెప్పెదను. గుంటూరు మిర్చి యార్డులో కమీషను వ్యాపారము చేయు నలువదియేండ్ల గృహస్థు. మార్చి మాసము, టిక్కీలు, అనగా మిర్చి బస్తాలు, గుట్టలుగ పడియున్నవి, తెల్లవారుజామున లేచి, కాఫీలమీద కాఫీలు త్రాగి, లెక్కలు చూచుచుండగా ఘాటు గొంతుకు పట్టి దగ్గు తెర వచ్చినది. ఊపిరి అందలేదు. వ్రేళ్ళు జిల్లుమన్నవి. 'నేను పోతున్నానురా' అని ప్రక్కవానిని పట్టుకొనెను. ఆటోలో ఆసుపత్రికి చేర్చిరి. ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు అన్నియు సరిగానే యున్నవి. 'ఏమీ లేదండీ, గ్యాసు. టెన్షన్ పెట్టుకోకండి' అని చెప్పి, ఆల్ప్రజోలం మాత్రలు వ్రాసి పంపిరి. (మన దేశమున గ్యాసునకు అంటగట్టబడని భయము లేదు, దాని నోట మాట యున్నచో పరువునష్టపు దావా వేసియుండును.)

అటుపిమ్మట ఆ గృహస్థుని జీవితము కొద్దికొద్దిగా కుదించుకొనిపోయినది. యార్డుకు బావమరిదిని పంపసాగెను. విజయవాడ ప్రయాణము మానెను, ఏలనగా కనకదుర్గ వారధిమీద ట్రాఫిక్ నిలిచిపోయినచో దిగి పోవుటకు దారి యుండదు. పెండ్లికి పోయినచో పందిరిలో చివరి వరుసలో, బయటికి దారి యున్న వైపు కూర్చుండును. కరోనా కాలమున కొన్న ఆక్సిమీటరును సంచిలో వేసికొని, చాటుగ వ్రేలికి తగిలించి చూచుకొనును. గంటకొకసారి భార్య ఫోను చేసి 'ఏమండీ, బాగానే ఉన్నారా?' అని అడుగును; అడుగనిచో ఆయనకు తోచదు. చొక్కా జేబులో ఆల్ప్రజోలం పట్టీ. దానిలోని మాత్ర మ్రింగుట అరుదు. అది జేబులో నున్నదని తడిమి చూచుకొనుట మాత్రము నిత్యకృత్యము. వెస్ట్‌ఫాల్ రోగి చేతికర్ర ఇదే.

ఈ కర్రలకు 'భద్రతా చర్యలు' అని పేరుపెట్టి, వీని మహిమను 1991లో పాల్ సాల్కోవ్‌స్కిస్ వివరించెను. వారధి దాటినంతసేపు ప్రాణము పోలేదు గదా, ఇకనైన ధైర్యము రావలదా అని మన మడుగుదుము. రోగి మనస్సు చెప్పుకొను లెక్క వేరు: 'పట్టీ జేబులో నుండబట్టి బ్రతికితిని'. ప్రతి క్షేమప్రయాణము కర్ర ఖాతాలో జమయగును; ధైర్యపు ఖాతాలో ఒక్క పైసయు పడదు. వేదాంతులు రజ్జుసర్పభ్రాంతిని గూర్చి చెప్పునప్పుడు దీపము తెచ్చి చూడుమందురు. ఈ రోగి చేయుచున్నది దీపము తెచ్చుట కాదు, ప్రతిరాత్రియు ఆ త్రోవ మాని చుట్టుత్రోవన ఇల్లు చేరుట. త్రాడు ఏండ్ల తరబడి పామై యుండుటకు అంతకన్న కావలసిన దేమున్నది?

జంతువులందు దీనిని ప్రత్యక్షముగ చూపిన ప్రయోగము ఒకటి కలదు. ఈనాటి దయాదృష్టితో చూచినచో మనస్సునకు కష్టము కలిగించునదే గాని, చెప్పక విడువరానిది. హార్వర్డులో రిచర్డ్ సాలమన్, లైమన్ విన్ అనువారు 1953లో, కుక్కలను నడుమ అడ్డుగోడ గల పెట్టెలో నుంచి, సంజ్ఞ యిచ్చిన కొన్ని క్షణములకు నేలకు విద్యుత్తు ప్రసరింపజేసిరి. త్వరలోనే కుక్కలు సంజ్ఞ కాగానే గోడ దుమికి తప్పించుకొన నేర్చినవి. తరువాత విద్యుత్తును పూర్తిగ ఆపివేసిరి. కుక్కలు మానలేదు. కొన్ని వందలమార్లు దుమికినవి. పోనుపోను మరింత చురుకుగ, మరింత నిబ్బరముగ దుమికినవి. నేలలో విద్యుత్తు లేదను సంగతి తెలియవలెనన్న నేలమీద నిలిచి చూడవలెను; నిలుచుటయే వానికి లేదు. మన గృహస్థును 'ధైర్యముగా ఉండు' మని వేయిమార్లు హెచ్చరించు బంధువులు ఈ కుక్కల కథను ఒక్కమారు చదివినచో బాగుండును. ధైర్యము ఉపదేశము వలన వచ్చునది కాదు. అక్కడ నిలిచి చూచుట వలన వచ్చునది.

చికిత్సాసూత్రము కూడ ఇందుండియే పుట్టినది. 1924లో మేరీ కవర్ జోన్స్ అను మనస్తత్వవేత్త, కుందేలును చూచి బెదరు పీటర్ అను బాలుని, వానికి ఇష్టమైన తినుబండారము పెట్టుచు, కుందేటిని దినదినము కొంచెము దగ్గరకు తెచ్చి, భయము వీడునట్లు చేసెను. దక్షిణాఫ్రికాకు చెందిన జోసెఫ్ వోల్పీ ఈ పద్ధతిని క్రమబద్ధముగ పెద్దలకు అన్వయించి 1958లో గ్రంథము ప్రకటించెను. కండరములను సడలించి శాంతింపజేసిన పిమ్మటనే భయమును చూపవలెనని ఆయన నమ్మెను. ఆ సడలింపు తప్పనిసరి కాదనియు, అసలు పనిచేయునది ఎదురుపడుటయే యనియు తరువాతివారు కనుగొనిరి. నా మట్టుకు నాకు ఈ శాస్త్రచరిత్రలో ఇంతకన్న ముఖ్యమైన దిద్దుబాటు తోచదు. రోగి భయము తగ్గిన తరువాత బయలుదేరవలెనని కాక, భయముతోనే బయలుదేరవచ్చునని అది తేల్చినది.

మన గృహస్థు అట్టి చికిత్సకురాలియొద్ద కూర్చుండినప్పుడు ఏమి జరుగునో చూతము. గుండెజబ్బు, ఉబ్బసము, మూర్ఛ వంటివి లేవని ముందుగ నిర్ధారణ చేసికొన్న పిదప, ఆమె ఆయనను తిరుగుడు కుర్చీలో కూర్చుండబెట్టి ఒక నిమిషము గిరగిర త్రిప్పును. ఇంకొక నిమిషము గబగబ ఎగఊపిరి తీయుమనును. ముక్కు మూసికొని సన్నని స్ట్రాతో గాలి పీల్చుమనును.

'ఇప్పుడు గుండె ఎలా ఉందండీ?'

'అచ్చం యార్డులో కొట్టుకున్నట్టే ఉందమ్మా. వేళ్ళు కూడా జిల్లుమంటున్నాయి.'

'మరి పోతున్నానని అనిపిస్తోందా?'

'లేదమ్మా. ఇప్పుడంటే మీరు తిప్పారు గదా!'

ఈ చివరి మాటలో చికిత్స సగము జరిగినది. అదే దడ, అదే తిమ్మిరి, అదే తేలిపోవుట. కారణము తెలిసినందున మాత్రమే ప్రాణభయము లేదు. ఆ తరువాత బజారుకు ఒంటరిగ. ఆ తరువాత రద్దీ వేళ బస్సులో వారధిమీదికి. మొదట పట్టీ జేబులో నుంచుకొని, పిదప దానిని ఇంట వదలి. భార్య గంటగంటకు ఫోను చేయుట మానవలసియుండును, అది ఆయన కన్న ఆమెకే కష్టము. భయము పెరుగుచున్నప్పుడు దిగిపోకుండుట ముఖ్యము. దినచర్యలో ఇట్టి సాధన పన్నెండు పదునైదు వారములు సాగును.

ఆంజనేయదండకము చదువుకొనుట కూడ కర్రయేనా యని ఒకరు నన్ను అడిగిరి. ఉదయము పూజలో చదువుకొనువానికి కాదు. అది చదువనిదే బస్సు మెట్టు ఎక్కలేనివానికి, నడుమ ఒక పాదము మరచినచో దిగిపోవువానికి, ఆ బస్సులో అది కర్రయే. భక్తికి దీనితో జోక్యము లేదు.

ఒక సంగతి చెప్పక తప్పదు. ఈ సాధన పాత భయమును చెరిపివేయదు. దాని ప్రక్కన ఒక క్రొత్త పాఠమును వ్రాయును, అంతే. కుక్కలలో ఆరిపోయిన అలవాటు విశ్రాంతి పిదప మరల తలయెత్తుట పావ్‌లోవ్ నాడే గమనించెను. కావున గుంటూరులో నేర్చిన ధైర్యము హైదరాబాదు మెట్రో రైలులో హఠాత్తుగ కానరాకపోవచ్చును. అందువలననే తెలిసిన చికిత్సకులు ఒకే చోట కాక పెక్కుచోట్ల, ఒంట్లో బాగున్ననాడును నిద్ర చాలనినాడును కూడ సాధన చేయింతురు.

ఇంతవరకు ప్యానిక్‌ను గూర్చియే విస్తరించితిని, ఏలనగా యంత్రము అందు స్పష్టముగ కనబడును. తక్కిన ఆందోళన రుగ్మతలలోను కర్రలు మారును గాని నడక అదే. సామాజిక భీతి గలవాడు నలుగురిలో చేయి వణకునేమోనని గ్లాసును రెండు చేతులతో బిగబట్టును; ఆ బిగింపే వణకించును. అన్నింటను ఆందోళన గలవానికి, అనగా ఆరుమాసములకు పైగా కొడుకు చదువు, కూతురి ప్రయాణము, వంటగ్యాసు కట్టితినా లేదా యను వానిలో ఏదో ఒకటి రేయింబవళ్ళు తొలుచుచున్నవానికి, చింతించుటయే కర్ర. చింతించుచున్నంతసేపు ఏదియు జరుగదని లోలోపల నమ్మిక. నియమమునకు లొంగనిది రక్తభీతి ఒక్కటే. తక్కిన భయములలో రక్తపోటు పెరుగగా, సూదిని, నెత్తురును చూచి బెదరువారికి మొదట పెరిగి, అంతలో దబ్బున పడిపోయి, నిజముగనే స్పృహ తప్పును. వీరిని 'ఒళ్ళు వదులు చేసికొను'మనుట ప్రమాదము. చేతుల, కాళ్ళ, నడుము కండరములను బిగించి రక్తపోటును నిలుపుకొనుచు సూదిని చూడ నేర్పవలెనని స్వీడను దేశీయుడు లార్స్-యోరన్ ఓస్ట్ చూపెను. ఒకప్పుడు ఈ కుటుంబమునందే లెక్కింపబడిన అనివార్య క్రియల రుగ్మతయు, ఘోరానుభవముల పిదప కలుగు రుగ్మతయు 2013 నుండి అమెరికా వర్గీకరణలో వేరు శాఖలైనవి.

మందుల విషయము. లియో స్టెర్న్‌బాక్ కనిపెట్టిన లిబ్రియం 1960లోను, వేలియం 1963లోను విపణికి వచ్చి ప్రపంచము నంతటిని శాంతింపజేయునవిగ భాసిల్లినవి. ఆల్ప్రజోలం ఆ వంశములోనిదే. అరగంటలో పనిచేయుట దాని గుణము. అదే దాని దోషము. త్వరితముగ ఆదుకొనునది త్వరితముగ కర్రయగును. కొన్ని వారములు విడువక వాడినచో శరీరము దానికి అలవాటుపడును. అట్టివాడు ఒక్కసారి మానినచో గాభరా రెట్టింపగుటయే గాక మూర్ఛలు కూడ రావచ్చును. ఎస్సిటాలోప్రాం, సెర్ట్రాలిన్ మొదలగు సెరటోనిన్ మందులకు ఆల్ప్రజోలమునకువలె అలవాటుపడు స్వభావము లేదు. కాని గుణము కనబడుటకు రెండు మొదలు ఆరు వారములు పట్టును. మొదటి వారమున గాభరా కొంచెము హెచ్చుటయు కలదు. ఈ సంగతి ముందుగ చెప్పని వైద్యుని రోగి నాలుగవ దినముననే మందు మాని మరల రాడు. గుణము కనబడిన పిదప ఆరు మాసములకు తక్కువ గాకుండ వాడి, వైద్యుని సలహాపై మెల్లగ తగ్గించి మానవలెను. వేదికమీద పాడువారికి చేతివణకు తగ్గించు ప్రొప్రనొలాల్ ఉబ్బసము గలవారికి పనికిరాదు. మందును, ఎదురుపడు సాధనను కలిపి వాడవచ్చును, విడివిడిగ వాడవచ్చును.

అన్నింటికన్న ముందు శరీరపరీక్ష. థైరాయిడ్ ఉద్రేకము, రక్తహీనత, గుండె లయలోని దోషము, మద్యము హఠాత్తుగ మానుట, ఇవన్నియు గాభరా వేషము వేసికొని రాగలవు. రొమ్మునొప్పికి ఈసీజీ తీయించుట వివేకము. నిర్దోషమని తేలిన పిదప నెలనెలకు తీయించుట మరియొక కర్ర.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారము 2019లో 30 కోట్ల 10 లక్షలమంది ఆందోళన రుగ్మతలతో నుండిరి. వారిలో నలుగురిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుచున్నది. మన దేశమున 2017లో వారి సంఖ్య 4 కోట్ల 49 లక్షలని అంచనా. తెలుగునాట హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్టణమునను ప్రభుత్వ మానసిక చికిత్సాలయములు కలవు. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి-మానస్ సేవలో 14416 సంఖ్యకు ఫోను చేసినచో రుసుము లేకుండ తెలుగులో మాటాడుదురు. ఎవరి యొద్దకు పోయినను మొదటి దినముననే ఒక ప్రశ్న యడుగుట మంచిది: 'నేను తప్పించుకొని తిరుగుచున్న చోట్లకు నన్ను తిరిగి ఎట్లు పంపుదురు, ఎన్ని వారములలో?' సమాధానము చెప్పగలవాని యొద్ద ఉండవలెను. ఓదార్పు మాటలు మాత్రమే చెప్పువాని యొద్దనుండి వేరొకరి యొద్దకు పోవలెను.